ఇదేం రంగు?

కందుకూరు, పామూరు రోడ్డు, రేకుల గోడౌను.
మార్చి ఎండకి పైన రేకులు టకటకమంటుంటే
కింద నలభైమంది ఆడోళ్ళం, నలభై దగ్గులు.
ఇంటరు తప్పి వచ్చినదాన్ని నేను.
సువార్తమ్మ పక్కన గోనెపట్టా పరిచి కూచోబెట్టాడు మేస్త్రీ:
"ఈమె దగ్గర నేర్చుకుంటే ఇంకెవురి దగ్గరా నేర్చుకోబళ్ళేదు."

ఆమె ఏమీ నేర్పలేదు.
వక్క నములుతూ పొగాకు ఒకటి నా ముందుకి జాపింది.
"చెప్పమ్మే. ఇదేం రంగు?"
"పసుపు."
"పసుపంటే? కొమ్మా, పొడా,
పెళ్ళికూతురి కాళ్ళ మీద మూడోనాటికి మిగిలిందా?"
నోరు తెరిచాను.
ఆకు అవతల పడేసి ఇంకోటి జాపింది.

సీజనంతా అదే ప్రశ్న.
నిమ్మపండు అంటే, ఏ పక్క ఎండ తగిలిన నిమ్మపండు?
ఇటిక అంటే, కాలిందా, ఇంకా కాలుతోందా?
నిద్దట్లో కూడా రంగులొచ్చి పేర్లడిగేవి.
కొత్త చింతపండు, నిరుటి చింతపండు,
బెల్లప్పాకం ముదిరే ముందు, ముదిరిన నిమిషానికి,
మా నాయన సైకిలు సీటు,
జ్వరం దిగిన రోజు తమ్ముడి కళ్ళు.
ఇట్టా చెపుతుంటే ఎప్పుడో ఒకసారి "ఊఁ" అనేది.
ఆ ఊఁ కోసం
సద్దిగిన్నె మూత తియ్యకుండానే పొద్దుగూకేది నాకు.

చేతులు మాత్రం ఆమెవి ఆమె పని చేసుకునేవి.
ఈనె పట్టి వంచి, విరగబోయే ముందు ఆగేవి.
చెవి దగ్గర ఆకు నలిపి వినేది.
ఒకసారి పొన్నలూరు రైతు బేలొచ్చింది, పైకంతా బంగారం.
మోచేతి దాకా చెయ్యి దూర్చింది.
"నడిమధ్య తడుండాది.
నీళ్ళు చల్లినోడి భయం కూడా ఉండాది ఇందులో."
ఆ మనిషి తల దించుకున్నాడు. కాటా ఆగిపోయింది.
"రెండ్రోజులు నీడన ఆరబెట్టి తీసకరా అబ్బయ్యా, ఆకు మంచిదే" అని
నాకేసి తిరిగింది:
"ఇదేం రంగు?"

రెండో ఏడు కంటిశిబిరం వాళ్ళొచ్చారు.
డాక్టరమ్మ టార్చి వేసి చాలాసేపు మాట్లాళ్ళేదు.
రెండు కళ్ళలోనూ ముదిరిన పొర.
"చూపు తగ్గి ఎన్నాళ్ళయింది?"
సువార్తమ్మ నా వైపు,
అంటే నా గొంతు ఉండే వైపు, తిరిగింది.
"ఈ పిల్ల చేరకముందు."

అయితే అవి పరీక్షలు కావా?
నిజంగానే అడిగిందా?
కోపమొచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది.
ఆ రాత్రి లెక్క వేసుకున్నాను:
నేను తప్పు చెప్పిన పూట
ఎవరి చేను అడుగు గ్రేడుకి జారిపోయిందో.
తెల్లారి భయంగా అడిగితే,
"నీ మాట సాంతం నమ్మిందెప్పుడు?
నువ్వు నిమ్మపండంటే నా వేలేమంటదో చూసేదాన్ని.
ఇద్దరూ ఒప్పుకుంటే గ్రేడు.
పేచీ పడితే ఇంకో ప్రశ్న."

"మరి నాకు నేర్పుతున్నానన్నావే?"
"నేనెప్పుడన్నా? మేస్త్రీ అన్నాడు."

ఒంగోల్లో ఆపరేషనయి వచ్చి
ఆకు ఎత్తి వెలుతురుకి పెట్టి పెదవి విరిచింది.
"నువ్వు చెప్పినంత బాలేదమ్మే."
ఆ తర్వాత కూడా కళ్ళు మూసుకునే చేసేది పని.

ఇప్పుడా పట్టా మీద నేను.
పక్కన కొత్తపిల్ల, కరిష్మా.
ఫోన్లో ఆకు ఫొటో కొట్టి, "ఇదే చెప్పేస్తదక్కా గ్రేడు" అంది.
చదివించుకున్నాను. దాదాపు సరిగ్గానే చెప్పింది.
ఈనె వంచమన్నాను. విరిచింది.
ఇంకోటిచ్చాను. విరిచింది.
పదకొండోది విరగలేదు, ఎందుకో దానికీ తెలీదు,
నాకు తెలుసు గానీ చెప్పే మాట నా దగ్గర్లేదు.

నా కళ్ళకేం కాలేదు, మొన్ననే చూపించుకున్నా.
అయినా ఆకు జాపి అడుగుతాను.
"మా అమ్మీ కాసే టీ అక్కా,
పాలు పడ్డాక, గరిట తిప్పకముందు."
కళ్ళు మూసుకుంటాను.
ఒప్పుకుంటదో, పేచీ పడతదో
వేలు.